చెట్టెక్కి కొమ్మలు కొట్టే పని: కూలి లెక్క, పనిముట్లు, జాగ్రత్తలు

మామిడి కోతలు అయిపోగానే తోటల్లో కొమ్మల కత్తిరింపు మొదలవుతుంది. కొబ్బరి తోటల్లో ఏడాది పొడవునా దింపులు ఉంటాయి. వీటికి తోడు పశువుల పాక మీదికి వాలిన చింత కొమ్మ, కరెంటు తీగలకు తగులుతున్న వేప కొమ్మ, గాలివానకు పగిలి వేలాడుతున్న కొమ్మ ఉండనే ఉంటాయి. ఏదో ఒక పనికి చెట్టెక్కే మనిషిని పిలవక తప్పదు.

ఇప్పుడు ఏ ఊళ్లో అడిగినా రెండే మాటలు వినిపిస్తున్నాయి. మనుషులు దొరకడం లేదని, దొరికినా కూలి ఎక్కువ అడుగుతున్నారని రైతులు అంటున్నారు. ఈ కూలికి ప్రాణం పణంగా పెట్టలేమని, తమ పిల్లల్ని ఈ పనిలోకి రానివ్వబోమని చెట్టెక్కే వారు అంటున్నారు.

రెండు మాటలూ నిజమే. చిక్కంతా కూలి మాట్లాడుకునే పద్ధతిలో ఉంది. కలుపు తీతకు, నాట్లకు మాట్లాడినట్టే చెట్టు పనికి కూడా మనిషికి ఇంత అని మాట్లాడుకుంటున్నాం. అందులో తాడు ఖర్చు లేదు, హెల్మెట్ ఖర్చు లేదు, కింద నిలబడి చూసుకునే మనిషి కూలి లేదు, బీమా లేదు. ఈ ఖర్చులు లెక్కలో లేకపోతే పనిలోనూ ఉండవు. అప్పుడు ఆ భారమంతా చెట్టు మీద ఉన్న మనిషి ఒంటి మీదే పడుతుంది. భద్రత ఖర్చును కలిపి కూలి ఎలా లెక్కగట్టాలి, ఏ పనిముట్లు ఉండాలి, పని ఎలా చేయాలి అనే విషయాలు ఈ వ్యాసంలో తెలుసుకుందాం. పని చేయించుకునే రైతులకూ, సాగు పని లేని రోజుల్లో ఈ పనికి వెళ్లే చిన్న రైతులకూ ఇది ఉపయోగపడుతుంది.

పని రకాలు, పని దొరికే రోజులు

చెట్టు పని అంతా ఒకటి కాదు. ఒక రకం పనిలో చేయి తిరిగిన మనిషికి ఇంకో రకం పని కొత్తగానే ఉంటుంది.

• కొబ్బరి దింపు: 45 నుంచి 60 రోజులకు ఒకసారి, అంటే ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది దింపులు. కాయలు దింపడంతో పాటు ఎండు మట్టలు, పీచు తీసి మొవ్వు శుభ్రం చేయాలి. కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు ఉన్నాయేమో చూసి చెప్పగలిగేది కూడా చెట్టెక్కిన మనిషే.

• మామిడి కత్తిరింపు: కోతలు అయ్యాక జూన్ నుంచి ఆగస్టు లోపు ముగించాలి. ఆలస్యమైతే కొత్త చిగుళ్లు ముదిరే సమయం ఉండదు, పూత దెబ్బతింటుంది.

• పెద్ద చెట్ల కొమ్మలు తీయడం: చింత, వేప, రావి, నేరేడు వంటివి. ఇళ్లు, పాకలు, తీగలు, రోడ్ల పక్కన ఉండటం వల్ల ఇది అన్నిటికంటే కష్టమైన పని.

• తాటి, ఈత చెట్ల గీత: ఇది వేరే వృత్తి. అయినా ఎక్కే పద్ధతి, ప్రమాదాలు దగ్గరగా ఉంటాయి.

మామిడి కత్తిరింపు దొరికేది రెండు మూడు నెలలే. అందులోనూ వాన పడిన రోజు, ఈదురుగాలి ఉన్న రోజు చెట్టెక్కకూడదు. తడిసిన కొబ్బరి మాను నాచు పట్టి జారుతుంది. కాబట్టి చెట్టెక్కే వారికి ఏడాదిలో పని దొరికే రోజులు మిగతా కూలీల కంటే తక్కువ. వయసు మీద పడ్డాక ఈ పని చేయలేరు. రోజు కూలి ఎక్కువ అడగడానికి ఇవీ కారణాలే.

కూలి మాట్లాడుకునే పద్ధతులు: మంచిచెడ్డలు

రోజు కూలి: మనిషి తొందరపడడు, కోత శుభ్రంగా వస్తుంది. పని ఎన్ని రోజులు సాగుతుందో ముందే తేలదు కాబట్టి రైతుకు భయం ఉంటుంది. విలువైన మామిడి తోటకు, ఇంటి పక్క చెట్లకు ఈ పద్ధతి మంచిది.

చెట్టు లెక్క: కొబ్బరికి ఎక్కువగా ఇదే నడుస్తుంది. లెక్క తేలిక. అయితే ఎన్ని చెట్లు ఎక్కితే అంత డబ్బు కాబట్టి మనిషి అలసిపోయినా ఆగడు. సాయంత్రం చివరి చెట్ల దగ్గర కాళ్లు, చేతులు పట్టు తప్పుతాయి. ఈ పద్ధతిలో మాట్లాడుకుంటే రోజుకు ఇన్ని చెట్లకు మించి ఎక్కకూడదని ముందే అనుకోవాలి. పొట్టి చెట్టుకు, పొడుగు చెట్టుకు ఒకే రేటు పెట్టడం కూడా సరికాదు.

గుత్త: తోట మొత్తానికి ఇంత అని మాట్లాడుకోవడం. రైతుకు ఖర్చు ముందే తెలుస్తుంది. కానీ త్వరగా ముగించి వెళ్లాలనే తొందరలో కొమ్మల్ని చీలేలా నరకడం, మోళ్లు వదిలేయడం జరుగుతుంది. గుత్తకు ఇస్తే ఏ కొమ్మలు తీయాలో రంగు పూసి గుర్తు పెట్టండి. పేస్టు పూయడం గుత్తలో ఉందో లేదో కూడా ముందే తేల్చుకోండి.

కట్టెలకు బదులు పని: డబ్బు ఇవ్వకుండా కొట్టిన కట్టెలు పట్టుకుపొమ్మనడం. చేతి నుంచి రూపాయి పోలేదు కదా అనిపిస్తుంది గానీ మామిడి తోటకు ఇదే ఎక్కువ నష్టం తెస్తుంది. కట్టెలే కూలి అయినప్పుడు కొట్టేవారి చూపు లావు కొమ్మల మీద ఉంటుంది. తోటకు తీయాల్సినవేమో ఎండు పుల్లలు, ఒకదానికొకటి రాసుకునే సన్న కొమ్మలు, నడిమధ్య గాలి వెలుతురు అడ్డుకునే కొమ్మలు. కట్టెలు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, కానీ కూలి వేరుగా కట్టి ఇవ్వండి.

భద్రతను కలిపి కూలి లెక్కగట్టడం

ఒక ఉదాహరణ చూద్దాం. ఇందులోని రేట్లు లెక్క అర్థం కావడానికి అనుకున్నవే. వీటి బదులు మీ ఊరి రేట్లు వేసుకోండి.

పది మీటర్ల ఎడంలో నాటిన మామిడి ఎకరాకు 40 చెట్లు ఉంటాయి. ముగ్గురు మనుషుల జట్టు రోజుకు 8 చెట్లు చేస్తుందనుకుంటే అయిదు రోజుల పని. ఒక రోజు ఖర్చు ఇలా ఉంటుంది.

• చెట్టెక్కే మనిషి కూలి: రూ.1,200
• కింద ఇద్దరు, ఒక్కొక్కరికి రూ.700 చొప్పున: రూ.1,400
• పెట్రోలు, ఆయిల్, ఆకురాయి: రూ.400
• మిషన్ అరుగుదల, చైను, రిపేరు: రూ.200
• తాళ్లు, బెల్టు, హెల్మెట్లు, కళ్లద్దాలు అన్నీ కలిపి రూ.9,000 అనుకుని, 150 పని రోజులు వస్తాయనుకుంటే: రూ.60
• రానుపోను ఖర్చు: రూ.150

మొత్తం రోజుకు రూ.3,410. అయిదు రోజులకు రూ.17,050. చెట్టుకు సుమారు రూ.426.

ఇప్పుడు ఇందులో భద్రత సామాను వాటా ఎంతో చూడండి. రోజుకు రూ.60 చొప్పున అయిదు రోజులకు రూ.300. నలభై చెట్లకు పంచితే చెట్టుకు ఏడున్నర రూపాయలు. బేరంలో చెట్టుకు పది రూపాయలు తగ్గించమని అడిగినప్పుడు, జట్టు తగ్గించుకోగలిగిన ఖర్చు ముందుగా ఇదే. పెట్రోలు తగ్గదు, రానుపోను ఖర్చు తగ్గదు. కొత్త తాడు కొనడం మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది.

ఇంకా తగ్గించమంటే కింద ఉండే ఇద్దరిలో ఒకరిని మానిపిస్తారు. ఆ మనిషి కొమ్మలు ఏరడానికే కాదు, పైవారికి ఏదైనా అయితే చూసుకోవడానికీ, పడే కొమ్మ కిందికి ఎవరూ రాకుండా ఆపడానికీ ఉన్నారు. వారి వాటా చెట్టుకు రూ.87.50. బేరం ఆడాలంటే రోజుల మీద ఆడండి, చెట్ల సంఖ్య మీద ఆడండి. తాడు, హెల్మెట్, కింది మనిషి ఈ మూడింటి మీద మాత్రం ఆడకండి.

పనికి వెళ్లేవారు కూడా ఈ లెక్క చేతిలో పెట్టుకుని మాట్లాడాలి. మొత్తం అంకె ఒక్కటే చెబితే రైతుకు ఎక్కువగా కనిపిస్తుంది. విడదీసి చెబితే దేనికి ఎంతో అర్థమవుతుంది. ఉపాధి హామీ పనికి 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ రోజుకు రూ.307 ప్రకటించారు. అది నేల మీద నిలబడి చేసే పని కూలి. చెట్టెక్కే పని రేటు ఆ వరసలో మొదలవకూడదు.

ఎక్కడానికి కావలసిన సామాను

నిండు బెల్టు: నడుముకు మాత్రమే కట్టుకునే తాడు గానీ బెల్టు గానీ చాలదు. జారి పడితే బరువంతా పొట్ట మీద, వెన్ను మీద పడుతుంది. మనిషి తలకిందులై బెల్టులోంచి జారిపోవచ్చు కూడా. భుజాలు, తొడల చుట్టూ పట్టీలు ఉండే బెల్టు తీసుకోవాలి.

ప్రధాన తాడు: మనిషి బరువు మోయడానికి తయారు చేసిన తాడే వాడాలి. గేదెల పలుపు, బావి చేద తాడు, ట్రాక్టర్ లాగే తాడు ఇందుకు పనికిరావు. ఈ తాడును తల కంటే ఎత్తులో, పచ్చిగా గట్టిగా ఉన్న పెద్ద కొమ్మ పంగలో వేయాలి. ఎండు కొమ్మకు, బెరడు చీలిన కొమ్మకు వేయకూడదు.

పొట్టి తాడు: పని చేసే చోట మానుకు చుట్టి బెల్టుకు తగిలించుకునే రెండో తాడు ఇది. కొమ్మ కోసేటప్పుడు రెండు తాళ్లూ తగిలించి ఉండాలి. రంపం పొరపాటున ఒక తాడును కోసినా రెండోది పట్టుకుంటుంది.

హెల్మెట్: గడ్డం కింద పట్టీ ఉన్నది కావాలి. పైనున్న వారికే కాదు, కింద కొమ్మలు ఏరే ఆడవారికి కూడా హెల్మెట్ ఉండాలి. పడే కొమ్మ తగిలేది ముందుగా వారికే.

తాడును ప్రతి ఉదయం చేతుల్లోంచి లాగుతూ చూసుకోవాలి. పోగులు తెగినా, ఒకచోట గట్టిపడినా, మెత్తబడినా, రంగు మారినా పక్కన పెట్టేయాలి. పెట్రోలు, ఆయిల్, పురుగుమందు డబ్బాల దగ్గర తాళ్లు ఉంచకూడదు. ఎండలో వేలాడదీయకూడదు. పక్కన పెట్టిన తాడును ముక్కలు చేసి పారేయాలి. లేదంటే ఇంకొకరు తెలియక వాడతారు.

కొబ్బరికి ఎక్కే పరికరాలు: ఇవి రెండు రకాలు. కేరళలోని కన్నూరు జిల్లా నుంచి వచ్చిన చెంబేరి రకంలో నిలబడి, కాళ్లతో ఒకదాని తర్వాత ఒకటి జరుపుకుంటూ ఎక్కుతారు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన రకంలో కూర్చుని ఎక్కుతారు. నిలబడే రకంతో వేగం ఎక్కువ, కూర్చునే రకంతో కొత్తవారికి ధైర్యం ఎక్కువ. ఏ రకమైనా బెల్టు, తాడు వేరుగా తగిలించుకోవాల్సిందే. చెట్టు పైకి వెళ్లేకొద్దీ మాను సన్నబడుతుంది కాబట్టి తీగ బిగింపును సరిచేసుకోవాలి. ఇవి నిటారు మాను ఉన్న చెట్లకే పనికొస్తాయి, మామిడికి కాదు.

తెలంగాణలో గీత కార్మికులు తరతరాలుగా మోకు, ముత్తాదు వాడుతున్నారు. పట్టు జారితే ఆపే ఏర్పాటు వాటిలో లేదు. అందుకే రాష్ట్ర ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్ష పేరుతో తాళ్లు, బెల్టు, క్లిప్పులు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మీ ఊళ్లో ఆ కిట్టు వాడుతున్నవారుంటే వెళ్లి చూడండి. తాడు ఎలా తగిలిస్తారో కళ్లతో చూస్తే సులభంగా అర్థమవుతుంది.

కోయడానికి కావలసిన సామాను

చెట్టు పైన వంపు తిరిగిన చేతి రంపమే మంచిది. మణికట్టు లావు కొమ్మ వరకు ఇది సులభంగా కోస్తుంది. దెబ్బకొట్టి నరికే గొడ్డలి, కత్తి చెట్టు మీద వాడితే చేయి జారే ప్రమాదం ఉంది, కోత కూడా చీలుతుంది. నేల మీద నుంచే అందే కొమ్మలకు పొడవాటి కర్ర రంపం, దోటీ వాడుకోవచ్చు. ఎక్కకుండా అయ్యే పనికి ఎక్కకపోవడమే మేలు.

పెట్రోలుతో నడిచే రంపం మిషన్ వల్ల పని తగ్గుతుంది, ప్రమాదం పెరుగుతుంది. ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

• మిషన్‌ను నేల మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి స్టార్ట్ చేయాలి. గాల్లో ఊపుతూ స్టార్ట్ చేయకూడదు.
• ఎప్పుడూ రెండు చేతులతో పట్టుకోవాలి. ఒంటి చేత్తో కోయకూడదు.
• బ్లేడు కొస పైభాగం కొమ్మకు తగిలితే మిషన్ ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది. కొసతో కోయకూడదు. చైన్ బ్రేకు పనిచేస్తోందో లేదో రోజూ చూసుకోవాలి.
• భుజం కంటే ఎత్తులో కోయకూడదు. నిచ్చెన మీద నిలబడి మిషన్ వాడకూడదు.
• చైను మొద్దుబారితే బలంగా నొక్కాల్సి వస్తుంది, అప్పుడే జారుతుంది. రంపపు పొట్టు పిండిలా వస్తుంటే ఆకురాయి పట్టాలి. పదునుగా ఉంటే చిన్న చిన్న చెక్క ముక్కలు రాలతాయి.
• పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిల్ ఎంత కలపాలో మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అంచనాగా పోయకండి. మిషన్ చల్లారాకే పెట్రోలు పోయాలి, బీడీ దగ్గరికి రానివ్వకూడదు.
• కళ్లద్దాలు, చెవులకు మూతలు, బూట్లు వేసుకోవాలి. చైను తగిలినప్పుడు లోపలి పోగులు చుట్టుకుని చైనును ఆపే ప్రత్యేక ప్యాంట్లు దొరుకుతాయి. లుంగీ, పంచె, కండువా కట్టుకుని మిషన్ పట్టకూడదు.
• గంటల తరబడి ఆపకుండా వాడితే ఆ అదురుకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మధ్యమధ్యలో ఆగాలి, మనిషి మారాలి.

చెట్టు పైన మిషన్ వాడటం బాగా అనుభవం ఉన్నవారి పని. సొంతంగా మిషన్ కొన్న రైతులు నేల మీద పడిన కొమ్మలు ముక్కలు చేసుకోవడానికే దానిని వాడుకోవడం మంచిది.

పని మొదలుపెట్టే ముందు చెట్టు చుట్టూ తిరగండి

చెట్టు చుట్టూ ఒకసారి నిదానంగా తిరిగి చూడాలి. తొర్రలు, పుట్టగొడుగులు, మాను మీద పగుళ్లు, కాండం తొలిచే పురుగు పొట్టు ఉంటే ఆ మాను లోపల గుల్లగా ఉండవచ్చు. అటువంటి చెట్టెక్కకూడదు. తేనెపట్టు, కందిరీగల గూడు, ఎర్రచీమల గూళ్లు ఉన్నాయేమో చూడాలి. ఎత్తులో ఉండగా కుట్టితే మనిషి చేయి వదిలేస్తాడు. విరిగి పైన చిక్కుకుని ఉన్న కొమ్మలు ఏ క్షణమైనా పడతాయి కాబట్టి ముందుగా వాటి సంగతి చూడాలి.

కోయబోయే కొమ్మ పొడవుకు రెండింతల దూరం వరకు ఎవరూ ఉండకుండా తాడు కట్టాలి. పశువులను విప్పి దూరంగా కట్టేయాలి. పైనుంచి కేక వేశాక, కింది మనిషి జవాబు చెప్పిన తర్వాతే కొమ్మ వదలాలి. కొమ్మలు ఏరడానికి వెళ్లేది పైవారు రంపం ఆపాకే.

కొమ్మను మూడు కోతల్లో తీయాలి

లావు కొమ్మను పైనుంచి ఒకే కోతలో కోస్తే బరువుకు విరిగి, మాను బెరడును చీల్చుకుంటూ పడుతుంది. ఆ ఊపు చెట్టు మీద ఉన్న మనిషిని కూడా లాగుతుంది. అందుకే మూడు కోతలు వేయాలి.

మొదటి కోత: మాను నుంచి అడుగు దూరంలో, కొమ్మ అడుగు భాగం నుంచి మూడో వంతు లోతు కోయాలి.

రెండో కోత: ఆ కోతకు కొద్దిగా అవతల, పైనుంచి కోయాలి. కొమ్మ చీలకుండా తెగి పడుతుంది.

మూడో కోత: మిగిలిన మోడును మాను దగ్గర కోయాలి. కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బును అలాగే ఉంచి దాని అంచున కోయాలి. మానుకు మరీ ఆనించి కోస్తే గాయం పెద్దదవుతుంది. బారెడు మోడు వదిలేస్తే అది ఎండి, కుళ్లి, పురుగుకు దారి ఇస్తుంది.

కోసిన రోజే బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం అయిదు లీటర్ల నీటిలో, కిలో సున్నం అయిదు లీటర్ల నీటిలో వేరువేరుగా కలిపి, మైలుతుత్తం ద్రావణాన్ని సున్నపు నీటిలో పోస్తూ కలియబెట్టాలి. ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రలే వాడాలి, ఇనుప పాత్ర వాడకూడదు. ఏ రోజుకు ఆ రోజు తయారుచేసుకోవాలి.

కాపు తోటలో ఒకే ఏడాది నాలుగో వంతుకు మించి కొమ్మలు తీయకండి. ముసలి తోటను బాగా నరికి మళ్లీ చిగురింపజేయడం వేరే పద్ధతి. దానికి ముందు ఉద్యాన అధికారి సలహా తీసుకోండి. చెట్టును మొత్తంగా కొట్టేయాలంటే వాల్టా చట్టం ప్రకారం అనుమతి అవసరం కావచ్చు. చెట్టు రకాన్ని బట్టి నియమాలు మారతాయి కాబట్టి ముందే తహసీల్దారు లేదా అటవీ శాఖ కార్యాలయంలో అడగండి.

కరెంటు తీగల దగ్గర సొంతంగా కోయవద్దు

తీగలకు తగులుతున్న కొమ్మను కోయాలంటే ముందుగా లైన్‌మన్‌కు చెప్పాలి, లేదా 1912కు ఫోన్ చేయాలి. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకున్నామని లైన్‌మన్ అక్కడికి వచ్చి స్వయంగా చెప్పే వరకు చెట్టెక్కకూడదు. మోటారు ఆగిపోయింది కాబట్టి కరెంటు లేదనుకోవడం ప్రాణాంతకం. త్రీఫేజ్ పోయినా సింగిల్ ఫేజ్ ఉండవచ్చు. పోయిన కరెంటు ఎప్పుడైనా రావచ్చు. పచ్చి కొమ్మ, తడి తాడు, ఇనుప దోటీ, అల్యూమినియం నిచ్చెన అన్నింట్లోనూ కరెంటు పారుతుంది. 11 కేవీ తీగను ముట్టుకోకపోయినా, బాగా దగ్గరికి వెళితే చాలు, కరెంటు దూకుతుంది.

ప్రమాదం జరిగితే

108కి ఫోన్ చేయడమే మొదటి పని. తోట ఎక్కడుందో, అంబులెన్సు ఏ దారిన రావాలో ఉదయమే అందరికీ తెలిసి ఉండాలి.

• చెట్టు మీద నుంచి పడినవారిని కాళ్లు చేతులు పట్టుకుని ఎత్తకూడదు. వెన్నుపూస దెబ్బతిని ఉంటే అలా ఎత్తడం వల్లే కాళ్లు పడిపోవచ్చు. మెడ కదలకుండా పట్టుకుని అంబులెన్సు వచ్చే వరకు ఉంచాలి. స్పృహ లేనివారికి నీళ్లు తాగించకూడదు.
• రంపం తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, వదలకుండా ఉంచాలి. పసుపు, కాఫీ పొడి వేయకూడదు.
• కరెంటు తగిలినవారిని కరెంటు తీసేసే వరకు ముట్టుకోకూడదు.
• బెల్టుకు వేలాడుతూ కదలికలేని మనిషిని వీలైనంత త్వరగా దించాలి. అందుకే జట్టులో చెట్టెక్కగల రెండో మనిషి ఉండాలి.

బీమా, నమోదు

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి రూ.20 కడితే ప్రమాదంలో చనిపోయినా, పూర్తి వైకల్యం వచ్చినా రూ.2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రూ.1 లక్ష వస్తుంది. 18 నుంచి 70 ఏళ్ల వారు బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా ద్వారా చేరవచ్చు. బీమా కాలం జూన్ 1 నుంచి మే 31 వరకు. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. మామిడి కత్తిరింపు మొదలయ్యేది సరిగ్గా ఆ తర్వాతే, కాబట్టి ఖాతా చూసుకోండి.

కొబ్బరి చెట్లు ఎక్కేవారికి కొబ్బరి అభివృద్ధి మండలి కేరా సురక్ష అనే బీమా నడుపుతోంది. ప్రీమియంలో ఎక్కువ భాగం మండలే భరిస్తుంది. ప్రస్తుత మొత్తం, దరఖాస్తు వివరాలు విజయవాడలోని మండలి కార్యాలయంలో తెలుసుకోవచ్చు. అసంఘటిత కార్మికులు ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

రైతులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం అమల్లో ఉన్నప్పుడు తాటిచెట్ల గీత, చెట్లు నరికే పని దాని షెడ్యూలులో ఉండేవి. తోటలో ప్రమాదం జరిగితే మాకేం సంబంధం లేదని తప్పుకోవడం కుదరకపోవచ్చు. పని మొదలయ్యే ముందు బీమా ఉందా అని అడగండి. లేకపోతే ఆ రూ.20 మీరే కట్టించండి.

ఈ పనిలోకి రావాలనుకుంటే

సొంత పొలం పని లేని రోజుల్లో ఆదాయం కోసం ఈ పనికి రావాలనుకునేవారు మిషన్ కొనడంతో మొదలుపెట్టకండి. ముందుగా బెల్టు, తాడు, హెల్మెట్, చేతి రంపం కొనండి. మొదటి ఏడాది అనుభవం ఉన్న జట్టులో కింది మనిషిగా పనిచేయండి. ఏ కొమ్మ ఎటు పడుతుందో కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది. తర్వాత పొట్టి చెట్లతో మొదలుపెట్టి పైకి వెళ్లండి.

కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుంచి కొబ్బరి చెట్టు నేస్తాల శిక్షణ నడుపుతోంది. ఎక్కే పరికరం వాడకం, మొవ్వు శుభ్రం చేయడం, తెగుళ్లు గుర్తించడం అందులో నేర్పుతారు. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలోనూ, కోనసీమ రైతులైతే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలోనూ శిక్షణ వివరాలు అడగండి. నలుగురైదుగురు కలిసి జట్టుగా ఏర్పడితే తాళ్లు, మిషన్ ఖర్చు పంచుకోవచ్చు. బెల్టు మాత్రం ఎవరిది వారికి ఉండాలి.

మాట్లాడుకునేటప్పుడు కాగితం మీద రాసుకోవాల్సినవి

1. ఎన్ని చెట్లు, ఏ కొమ్మలు, ఎన్ని రోజులు
2. రోజు కూలా, చెట్టు లెక్కా, గుత్తా. డబ్బు ఎప్పుడు ఇవ్వాలి
3. జట్టులో ఎందరు; వారిలో చెట్టెక్కగల వారు కనీసం ఇద్దరు ఉన్నారా
4. తాడు, బెల్టు, హెల్మెట్లు ఎవరివి. పని మొదలుపెట్టే ముందు ఎవరు చూస్తారు
5. పెట్రోలు, పేస్టు, భోజనం ఎవరి ఖర్చు
6. కట్టెలు ఎవరికి
7. వాన, గాలి వల్ల పని ఆగిన రోజుకు ఎంత ఇవ్వాలి
8. ప్రతి ఒక్కరికీ బీమా ఉందా

ఏడో అంశాన్ని చాలామంది వదిలేస్తారు. ఆగిన రోజుకు ఏమీ రాదనుకుంటే తడి చెట్టయినా ఎక్కేస్తారు. సగం కూలి ఇస్తామని ముందే చెబితే ఆగుతారు. రెండు వైపులా సంతకాలు పెట్టి తలొక కాగితం దగ్గర ఉంచుకోండి. ఇలా తెలిసిన రేటుకు, నమ్మకంగా పని ఇచ్చే రైతు తోటకే వచ్చే ఏడాది కూడా ఆ జట్టు ముందుగా వస్తుంది.